నీడలో తెగిన కేబుల్ టైలు: భీమిలి తీరంలో ఒక సోలార్ ప్లాంట్ కేసు

2022 అక్టోబరులో నాలుగు రోజులు వరసగా పొద్దున్నే ఒకే ఫోను. "బాబూ, మళ్ళీ ఎర్రలైటు వెలుగుతోంది. తొమ్మిదిన్నర దాటితే గానీ మీ సోలార్ మొదలవడం లేదు." విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో, సముద్రానికి బాగా దగ్గరగా ఉన్న ఒక ఫంక్షన్ హాలు యజమాని ఆయన. ఆ హాలు డాబా మీద 2021 ఫిబ్రవరిలో 25 కిలోవాట్ల ప్లాంట్ పెట్టింది నేనే. 445 వాట్ల ప్యానెళ్ళు 56, ఒక్కో స్ట్రింగ్‌కి (ఒకదాని వెనక ఒకటి కలిపిన ప్యానెళ్ళ గొలుసుకి) 14 చొప్పున నాలుగు స్ట్రింగులు, జీఐ (జింక్ పూత పూసిన ఇనుము) స్ట్రక్చర్. పని చేస్తున్నప్పుడు ఆయన బోల్టుల గురించే మూడుసార్లు అడిగారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడిన రోజు ఆయన షెడ్డు రేకులు పక్క వీధిలో దొరికాయట. అందుకని గాలికి స్ట్రక్చర్ లేవకుండా బేస్ ప్లేట్లు, యాంకర్లు అన్నీ ఆయన ముందే లెక్క చూపించి వేశాను. కేబుల్ టైల (తీగలని కట్టే ప్లాస్టిక్ పట్టీల) గురించి ఆయన అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఎప్పుడూ కొనే షాపులో నల్ల టైలు ఐదు ప్యాకెట్లు తెప్పించి పని ముగించాను.

ఈ కేసు రాయడానికి కారణం ఆ ఐదు ప్యాకెట్లే. మా లైన్‌లో టైని ట్యాగ్ అంటారు, దాన్ని మెటీరియల్ లిస్టులో "ఇతరములు" కింద పడేస్తారు. ప్యానెల్‌కి 25 ఏళ్ళ వారంటీ కాగితం ఇచ్చి, దాని వెనక 600 వోల్టులు మోసే తీగని ఏడాదిన్నర కూడా నిలవని ప్లాస్టిక్ ముక్కతో కట్టడం సరైన పని కాదని నాకు ఆ డాబా మీదే తెలిసింది.

లోపం ఎలా దొరికింది

ప్యానెళ్ళ డీసీ కరెంటుని ఏసీగా మార్చే ఇన్వర్టర్ తెర మీద కనిపించింది ఇన్సులేషన్ రెసిస్టెన్స్ తక్కువ అనే ఎర్రర్. గ్రిడ్‌కి కలిసే ముందు ఇన్వర్టర్ ప్రతి ఉదయం డీసీ తీగలకీ ఎర్త్‌కీ మధ్య ఎంత నిరోధం ఉందో చూసుకుంటుంది. రాత్రి మంచు, ఉప్పుగాలి తడి వల్ల ఎక్కడైనా కరెంటు ఎర్త్‌కి జారుతుంటే మొదలవడానికి ఒప్పుకోదు. ఎండ వచ్చి తడి ఆరాక లోపం దానంతటదే పోయినట్టు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు, పదిగంటలకి వెళ్ళి చూస్తే అంతా బాగానే ఉంటుంది. నేనూ మొదటిరోజు పదకొండింటికి వెళ్ళాను. ఎంసీ4 కనెక్టర్లలో (ప్యానెళ్ళ తీగలని కలిపే ప్లగ్గుల్లో) నీరు దిగి ఉంటుందని అనుకుని ఒక రోజంతా వాటి వెంటే తిరిగాను.

మర్నాడు తెల్లవారక ముందే డాబా ఎక్కాం. డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ళ వైపు స్విచ్చి) ఆఫ్ చేసి, నాలుగు స్ట్రింగులనీ విడదీసి, 1000 వోల్టుల మీద మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పెట్టాం. ఈ సైజు స్ట్రింగ్‌కి కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. మూడు స్ట్రింగులు 20 మెగాఓమ్‌లకి పైనే చూపించాయి. మూడో నంబరు స్ట్రింగ్ 0.04. దాన్ని మధ్యలో విప్పి సగం, అందులో సగం అంటూ వెతుక్కుంటూ పోతే తొమ్మిది, పది ప్యానెళ్ళ మధ్యకి వచ్చాం. వంగి కిందికి చూస్తే తీగ ఉట్టిలా వేలాడుతోంది. జీఐ సీ-ఛానల్ (స్ట్రక్చర్‌లో సీ ఆకారపు కమ్మీ) కోసిన అంచు మీద ఆని, సముద్రపు గాలికి అటూ ఇటూ ఊగి ఊగి అక్కడే అరిగింది. రెండు పొరల ఇన్సులేషన్ పోయి తెల్లటి కళాయి పూసిన రాగి బయటపడింది. తీగది తప్పు కాదు. 1500 వోల్టుల డీసీకి, ఎండకీ వానకీ తట్టుకునేలా చేసిన సోలార్ కేబులే అది. కానీ రంపంలాంటి అంచు మీద ఏడాది పొడుగునా రుద్దితే ఏ పొరా నిలవదు.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. ఐసొలేటర్ ఆఫ్ చేసినంత మాత్రాన స్ట్రింగ్ చచ్చిపోదు. వెలుతురు ఉన్నంతసేపూ ఆ 14 ప్యానెళ్ళు కలిసి 690 వోల్టుల దాకా ఇస్తూనే ఉంటాయి. రాగి బయటపడిన తీగని ఎండలో చేత్తో పట్టుకోవడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. మేం స్ట్రింగ్ విడదీసి, ప్యానెళ్ళ మీద టార్పాలిన్ కప్పి, గ్లవ్స్ వేసుకునే ఆ తీగని ముట్టుకున్నాం.

లెక్కపెడితే తేలింది

ఆ ఒక్క తీగ మార్చి వచ్చేయవచ్చు. కానీ డాబా మీద పాదాల కింద కరకరమని నల్లటి ముక్కలు నలిగాయి. అవి మా టైల ముక్కలే. నా దగ్గర ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న హెల్పర్ వాటిని పోగుచేసి, "అన్నా, ఇవి తెగినవి కావు, విరిగినవి" అన్నాడు. మొత్తం కేసులో నాకు బాగా పనికొచ్చిన మాట అదే. సాగి తెగిన నైలాన్ మొన సన్నగా, తెల్లగా పీక్కుపోయి ఉంటుంది. ఇవి బిస్కెట్టు విరిచినట్టున్నాయి.

దాంతో రోజంతా కూర్చుని ప్రతి టైనీ లెక్కపెట్టాం. మొత్తం 460. వరసల మధ్య ఖాళీల్లో, దక్షిణపు అంచున నేరుగా ఎండ తగిలేవి 140, వాటిలో 96 విరిగాయి. ఇందులో వింత లేదు. ప్యానెళ్ళ వెనక పూర్తి నీడలో ఉన్నవి 320, వాటిలో 61 విరిగాయి. ఇదే నాకు అర్థం కాలేదు. ఎండే కారణమైతే నీడలో ఎందుకు పోవాలి? అప్పుడు నీడలోవాటినే మళ్ళీ రెండు గుంపులు చేశాం. జీఐ ఛానల్‌ని చుట్టి కట్టినవి 150, అందులో 54 పోయాయి. ప్యానెల్ అల్యూమినియం ఫ్రేమ్ రంధ్రాల్లోంచి గానీ, తీగకి తీగ గానీ కట్టినవి 170, వాటిలో పోయినవి ఏడే.

ఒకే ప్యాకెట్, ఒకే నీడ, ఒకే చేతులు. తేడా ఒక్కటే, జీఐ.

విరిగిన ముక్కలని రెండు పళ్ళాల్లో పోసి భూతద్దం పెట్టి చూశాను. ఎండలో పోయినవాటి పైపొర బూడిద రంగుకి తిరిగి, గోకితే పొడి రాలుతోంది. ఎండ వైపున్న ముఖం మీద పలుచటి అడ్డగీతలు వందల్లో ఉన్నాయి. నీడలో జీఐ మీద పోయినవి నల్లగా, నిగనిగలాడుతూ కొత్తవాటిలా ఉన్నాయి. పగులు మాత్రం లోహానికి ఆనుకున్న వైపు నుంచి మొదలై, టై తల (తోక దూరి బిగుసుకునే గడి) దగ్గర పట్టీ బాగా వంగే చోట అడ్డంగా పోయింది. ఆ పగుళ్ళలో తెల్లటి పొడి ఉంది. ఛానల్ మీదున్న తెల్ల తుప్పే అది.

రెండు రోగాలు, ఒకే మందు కాదు

మనం వాడే మామూలు టై నైలాన్ 66తో చేస్తారు. 85 డిగ్రీల వేడి వరకు దీనికి ఢోకా లేదు. ప్యానెల్ వెనక ఎండాకాలంలో 60, 70 డిగ్రీలు ఉంటుంది కాబట్టి ఉత్త వేడి వల్ల ఇది పోదు. అతినీలలోహిత కిరణాలు మాత్రం దాని అణువుల గొలుసులని పైపొర నుంచి ఒక్కొక్కటిగా తెంపుతాయి. అందుకే మంచి టైలలో సుమారు 2 శాతం కార్బన్ బ్లాక్‌ని సన్నగా, అంతటా సమంగా కలుపుతారు. అది కిరణాలని పీల్చుకుని నైలాన్‌ని కాపాడుతుంది. ఇక్కడే మేం దెబ్బతిన్నాం. నల్లగా ఉన్నవన్నీ ఎండకి ఆగుతాయని అనుకున్నాం. నలుపు రంగు వేయడం వేరు, కార్బన్ బ్లాక్ సరైన పాళ్ళలో కలపడం వేరు. మిగిలిపోయిన ప్యాకెట్‌లోని ఒక టైని మొబైల్ టార్చికి అడ్డంగా పెడితే పట్టీ పలచగా ఉన్న చోట గోధుమరంగు వెలుతురు కనిపించింది. మంచి రకంలో ఏమీ కనిపించలేదు. ఇది ల్యాబ్ పరీక్షతో సమానమని అనను. షాపులో నిలబడి రెండు ప్యాకెట్ల మధ్య తేడా పట్టడానికి నాకు పనికొస్తోంది.

నీడలో పోయినవాటి కథ వేరు. సముద్రపు ఉప్పు జీఐ మీద పడి, తడితో కలిసినప్పుడు జింక్‌ని తిని తెల్ల తుప్పు చేస్తుంది. ఆ క్రమంలో పుట్టే జింక్ క్లోరైడ్ నైలాన్ 66కి బద్ధశత్రువు. మామూలుగా వదులుగా ఉన్న నైలాన్‌ని అది అంతగా ఏమీ చేయదు. బిగుతుగా లాగి ఉంచిన నైలాన్‌ని మాత్రం పగలగొడుతుంది. అంటే రెండూ కలవాలి, ఉప్పు తిన్న జింక్, దాని మీద టెన్షన్‌లో ఉన్న పట్టీ. మేం రెండూ సమకూర్చాం. మా కుర్రాళ్ళు కటింగ్ ప్లయర్‌తో తోక పట్టుకుని తల తిరిగిపోయేదాకా లాగేవారు. బిగుతుగా ఉంటే గట్టిగా ఉన్నట్టే అని వాళ్ళకి నేర్పింది నేనే.

అసలు ఈ వస్తువు ఎండ కోసం పుట్టింది కూడా కాదు. 1958లో అమెరికాలోని థామస్ అండ్ బెట్స్ కంపెనీలో మారస్ లోగన్ దీన్ని తయారుచేసింది విమానాల లోపల వైర్ల కట్టలని మైనం పూసిన తాడుతో ముడులు వేసే బాధ తప్పించడానికి. విమానం పొట్టలో ఎండా లేదు, ఉప్పుగాలీ లేదు. దాన్ని తెచ్చి భీమిలి తీరంలో కట్టేటప్పుడు మనం అడగాల్సిన ప్రశ్నలు మారాలి.

వేరే రోగం ఇంకొకటుంది, అది తీరంలో కాదు, అనంతపురం వైపు చూశాను. అక్కడ ఒక పనిలో కొత్త టైలే బిగిస్తుండగా చేతిలో పుటుక్కున విరిగాయి. నైలాన్‌కి మెత్తదనం ఇచ్చేది అది గాలి నుంచి పీల్చుకున్న తేమ. మామూలు వాతావరణంలో అది బరువులో సుమారు రెండున్నర శాతం ఉంటుంది. ప్యాకెట్ చించి, రేకుల మీద మండే ఎండలో టూల్‌బాక్సులో వారాల తరబడి వదిలేస్తే ఆ తేమ ఆవిరై టై పెళుసుగా మారుతుంది. కంపెనీలు వాటిని మూసిన ప్లాస్టిక్ సంచిలో ఇచ్చేది ఇందుకే. ఆ రోజుకి కావలసినవే తీసి, మిగతావి మూత పెట్టి నీడలో ఉంచితే చాలు.

ఏం ఎంచుకున్నాం, ఎందుకు

కొత్త టైలు ఏవి అనే ప్రశ్న కంటే ముందు, టై అవసరం లేని చోట్లు ఎన్ని అని చూశాం. ప్యానెల్ అల్యూమినియం ఫ్రేమ్ అంచుకి తగిలించే స్టెయిన్‌లెస్ కేబుల్ క్లిప్పులు దొరుకుతాయి. తీగని వాటిలో దూరిస్తే జీఐని తాకాల్సిన పనే ఉండదు. వరసల పొడుగునా తీగలని ఫ్రేమ్ మీదకి ఎక్కించాం. వరసల మధ్య ఖాళీల్లో, ఎండ నేరుగా పడే చోట యూవీ (అతినీలలోహిత కిరణాలు) తట్టుకునే గొట్టంలో తీగలు నడిపించాం. దీంతో 460 టైలు కాస్తా 190కి తగ్గాయి. ఈ మొత్తం పనిలో నాకు బాగా తృప్తినిచ్చింది ఇదే.

మిగిలినవాటికి మూడు రకాలు వాడాం. ఫ్రేమ్ రంధ్రాల్లో, తీగకి తీగ కట్టే చోట వెదర్ రెసిస్టెంట్ అని డేటా షీట్‌లో ఉన్న నల్ల నైలాన్ 66. జీఐని చుట్టక తప్పని చోట నైలాన్ 12. ఇది నీటిని చాలా తక్కువ పీలుస్తుంది, జింక్ క్లోరైడ్‌కి నైలాన్ 66లా లొంగదు, ఎండకీ బాగా ఆగుతుంది. బలం కాస్త తక్కువ, ధర మామూలు దానికి కొన్ని రెట్లు. డాబా నుంచి ఇన్వర్టర్ గదికి నిలువుగా దిగే లావుపాటి కట్టకి మాత్రం పైన పూత ఉన్న 316 స్టెయిన్‌లెస్ స్టీలు టైలు. 304 కూడా స్టెయిన్‌లెస్సే, కానీ సముద్రం పక్కన కొన్నాళ్ళకి టీ మరకల్లాంటి తుప్పు చుక్కలు వేస్తుంది. 316లో ఉండే 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉప్పుకి అడ్డుపడుతుంది. పూత లేని స్టీలు పట్టీ వద్దు. దాని అంచు తీగ పొరని కోస్తుంది, పైగా ఉప్పుతడిలో స్టెయిన్‌లెస్ ఆనిన చోట జింక్ ఇంకా తొందరగా కరుగుతుంది. అన్నిచోట్లా స్టీలే వేసేస్తే పోలేదా అని యజమాని అడిగారు. స్టీలు సాగదు, సోలార్ తీగ వేడికి సాగి చలికి ముడుచుకుంటుంది. సన్నటి తీగలని దానితో కడితే మనమే కొత్త గాయం చేసినట్టవుతుందని చెప్పాను.

వెడల్పు గురించి ఒక మాట. 4.8 మిల్లీమీటర్ల టై మీద 22 కేజీలు అని రాసి ఉంటుంది. మా కట్టల్లో ఒక్కో టై మీద పడే బరువు అర కేజీ కూడా ఉండదు. కాబట్టి ఆ 22 చూసి కొనడంలో అర్థం లేదు, అది కొత్తగా ఉన్న రోజు బలం. ఎండలో నాశనం పైపొర నుంచి లోపలికి పోతుంది కనుక మందం, వెడల్పు ఉన్న పట్టీకి ఎక్కువ కాలం మిగులుతుంది. అందుకే 3.6 మిల్లీమీటర్లవి మానేసి, ఎండ చూసే కొద్ది చోట్ల 7.6వి వేశాం.

బిగింపు కోసం టెన్షన్ సెట్ చేసుకునే గన్ కొన్నాం. సెట్ చేసిన బిగువు రాగానే అదే తోకని తలకి సమంగా కోస్తుంది. ప్లయర్‌తో కోసినప్పుడు మిగిలే మొన చేతులని కోసేది, పక్క తీగనీ గీసేది. బిగించాక తీగ జారకూడదు, వేళ్ళతో తిప్పితే తిరగాలి. మా కుర్రాళ్ళకి ఇప్పుడు ఇచ్చే కొలత అదే.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద నైలాన్ ఏ రకం, పని చేసే వేడి ఎంత, కేబుల్ టైల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62275 ప్రకారం ఏ తరగతి, యూవీ తట్టుకుంటుందని ఆ ప్రమాణం కింద ప్రకటించారా అనేవి చూస్తాను. లేకపోతే డేటా షీట్ అడుగుతాను. "యూవీ" అని పెద్దక్షరాలతో స్టిక్కర్ ఒక్కటే ఉంటే తీసుకోను. షాపువాళ్ళు మొదట విసుక్కున్నారు, ఇప్పుడు నేను వెళ్తే ఆ కాగితం ముందే తీసి పెడుతున్నారు.

ఖర్చు

మొదట వేసిన టై ఒక్కోటి రూపాయిన్నర పడింది. మంచి నైలాన్ 66 మాకు నాలుగు రూపాయలకి దొరికింది. అంటే 460కి తేడా 1,150 రూపాయలు. ఆ వెయ్యి చిల్లర మిగుల్చుకున్నందుకు తీగ మార్పు, క్లిప్పులు, కొత్త టైలు, ముగ్గురు మనుషుల నాలుగు రోజుల కూలీ కలిపి నా చేతి నుంచి 21 వేలు పోయాయి. యజమాని నుంచి ఒక్క రూపాయి తీసుకోలేదు, తప్పు నాది. 2024లో ఇళ్ళ డాబా సోలార్‌కి కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ వచ్చాక 3 కిలోవాట్ల ఇంటికి 78 వేల సబ్సిడీ అందుతోంది, మా ఊళ్ళో వీధికి రెండు మూడు డాబాల మీద ప్యానెళ్ళు కనిపిస్తున్నాయి. కొటేషన్‌లో ప్యానెల్ కంపెనీ, ఇన్వర్టర్ కంపెనీ పేర్లు అందరూ అడుగుతున్నారు. టైలు ఏవి వేస్తారు, జీఐకి కడతారా ఫ్రేమ్‌కి కడతారా అని ఇంటివాళ్ళు ఇద్దరు అడిగినా మా లైన్‌లో చాలా మారుతుంది. అడగండి. చిన్న ఇంటికి ఆ తేడా రెండు మూడు వందలు దాటదు.

తర్వాత

మరమ్మతు 2022 నవంబరులో ముగిసింది. అదే డాబా మీద, ప్యానెళ్ళ నీడలో, తెల్ల తుప్పు పట్టిన ఒక పాత జీఐ ముక్కకి పదిహేను టైలు కట్టి వదిలాను. మంచి నైలాన్ 66 ఐదు గట్టిగా లాగినవి, ఐదు వదులుగా కట్టినవి, నైలాన్ 12 ఐదు గట్టిగా లాగినవి. ఏడు నెలలకి గట్టిగా లాగిన నైలాన్ 66లో రెండు తల దగ్గర చిట్లాయి. మిగతావి అలాగే ఉన్నాయి. పదిహేను టైలతో శాస్త్రం తేల్చలేం, కానీ తీరంలో జీఐకి నైలాన్ 66 కట్టడం ఆ రోజుతో మానేశాను.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు అది దూరమే అయినా వాన, గాలి బాగా తగిలాయి. మర్నాడు ఫోను రాకపోతే నేనే చేశాను. "పొద్దున్న ఆరున్నరకే పచ్చలైటు వచ్చింది బాబూ" అన్నారు.

2024 డిసెంబరులో మళ్ళీ ఎక్కి 190నీ చేత్తో ముట్టుకుని చూశాం. విరిగింది ఒక్కటే. అది దక్షిణపు అంచున గొట్టం మూతి దగ్గర ఉన్న నైలాన్ 66, దాని స్థానంలో పూత ఉన్న స్టీలు వేశాం. మెగ్గర్ రీడింగులు నాలుగు స్ట్రింగులకీ తెల్లవారుజామున 15 మెగాఓమ్‌లకి పైనే ఉన్నాయి. తూర్పు వైపు చివరి ఛానల్‌కి కట్టిన నైలాన్ 12 టైలు ఆరింటికి పసుపు పెయింటు చుక్క పెట్టాను. ఐదేళ్ళు నిండాక వాటిని కోసి తెచ్చి, తల దగ్గర వంచి, భూతద్దం కింద చూడాలి.